అలుపు పట్టీ

మా అప్ప పడిపోయిన తరువాతే ఆమె చేతికున్న పట్టీ ఎర్రబడింది. అంతవరకు అది ఆకుపచ్చగానే ఉందని షెడ్డులో ఆమె వరుసలో కూర్చునే ఆడవాళ్లందరూ చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. పట్టీ కూడా తనకు తెలిసినంతలో అబద్ధం చెప్పలేదు.

ఆ రోజు నేను శ్రీకాకుళంలో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఆ గదుల్లోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. సాయంత్రం గేటు దగ్గర నా ఫోను చేతికిచ్చినప్పుడు అందులో ఒకే నంబరు నుంచి చాలాసార్లు వచ్చిన పిలుపులున్నాయి. అది జీడి షెడ్డు సూపర్‌వైజర్ లోకనాథం నంబరు. నేను తిరిగి చేస్తే అతను ఎత్తాడు గానీ మాట్లాడలేకపోయాడు. పక్కనున్నవాళ్లెవరో ఫోను అందుకుని, ఆసుపత్రికి వెళ్లక్కర్లేదు, నేరుగా ఇంటికి వచ్చెయ్యండి అన్నారు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడవునా వడగాలి కొడుతూనే ఉంది.

మా వైపు అక్కను అప్ప అంటారు. ఆమె పేరు దాలమ్మ. మాది ఉద్దానంలో ఒక చిన్న ఊరు. ఊరి చివర జీడి షెడ్లుంటాయి. జీడిపిక్కల్ని ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, ఒక్కొక్కటే కత్తుల మధ్య పెట్టి చీల్చి లోపలి పప్పు తీస్తారు. కాలితో మీట నొక్కితే కరెంటు మిషను కత్తులు కదులుతాయి, పప్పు విరగకుండా తియ్యడం చేతి పని. పెంకులోంచి కారే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది కనుక చేతులకు ఆముదం రాసుకుంటారు. రాసుకున్నా వేళ్లు నల్లబడతాయి. అప్ప వేళ్లూ నల్లగా ఉండేవి. దానికి ఆమె ఎప్పుడూ సిగ్గుపడలేదు. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు ఎవరైనా ఆ చేతులవైపు చూస్తే, ఇంకాసేపు చూడమన్నట్టు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

ఆమె భర్త చాలాకాలం కిందటే పోయాడు. నేను పెళ్లి చేసుకోలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి ఇంటికొచ్చేసరికి ఆమె కూడా షెడ్డు నుంచి వచ్చేది. “నీది నోటి పని, నాది సేతి పని. ఎవులికి ముందు ఆవలింత వొస్తాదో సూద్దుమా” అనేది. ఎక్కువసార్లు నేనే ఓడిపోయేదాన్ని.

పట్టీ మా ఊరికి మార్గశిరమాసంలో వచ్చింది. దాన్ని తయారుచేసిన డాక్టర్ షమీమ్ విశాఖపట్నంలోని ఒక ప్రయోగశాలలో పనిచేస్తారు. షెడ్డులో ఆడవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పడానికి ఊళ్లోవాళ్లెవరైనా తోడుంటే బాగుంటుందని ఆమె మా హెడ్మాస్టరును అడిగితే, ఆయన నన్ను పంపారు. నేను చెప్పవలసింది పెద్దగా లేకపోయింది. షమీమ్ మాటలతో మొదలుపెట్టలేదు. పట్టీని తన మోచేతి కింద కట్టుకుని, ఒక జీడిపిక్కల బస్తాను రెండు చేతులతో ఎత్తుకుని గోదాము మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. బొటనవేలంత వెడల్పున్న పట్టీ అది. మొదట ఆకుపచ్చగా ఉన్నది పసుపు రంగుకు మారింది. ఆమె ఆగలేదు. ముఖం కందిపోయి, ఆయాసం వచ్చాక పట్టీ ఎర్రబడింది. ఆ క్షణంలోనే, పట్టీతో జతచేసి ఉంచిన కటింగ్ మిషను దానంతటదే ఆగిపోయింది.

“డాక్టరమ్మా, బస్తా ఎత్తితే మా లోకనాథం బావు మెట్టు ఎక్కకముందే ఎర్రబడిపోతాడు” అని వెనక వరుసలోంచి ఒకామె అంది. లోకనాథం కూడా నవ్వాడు.

శరీరం మళ్లీ కుదుటపడి పట్టీ పచ్చబడేదాకా మిషను తిరగదని, ఆగిన సమయమంతా పనిచేసిన సమయం కిందే లెక్కకు వస్తుందని షమీమ్ చెప్పారు. పప్పు కొనే విదేశీ వ్యాపారులు ఇందుకు ఒప్పుకున్నారు. పట్టీ ఉన్న షెడ్ల సరుకునే కొంటామన్నారు. వియత్నాంలో, టాంజానియాలో జీడి షెడ్లకూ, ఇంకా కొన్ని దేశాల్లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలకూ అదే పట్టీ వెళ్లింది. ప్రతి పట్టీ మొదటి వారం రోజులూ రంగు మార్చకుండా, కట్టుకున్న మనిషి గుండె, చెమట, కండరాల బిగువు గమనించి ఆ శరీరం ఎంతవరకు ఓర్చుకోగలదో తెలుసుకుంటుంది. ఆ తరువాత ఆ హద్దునుబట్టి రంగు మారుస్తుంది. 

హైమ అనే కొత్త కోడలు అప్ప పక్క మిషను దగ్గర కూర్చునేది. ఇరవై దాటిన పిల్ల, గట్టి మనిషి. “మా అత్త మీద కోపం కూడా తెలిసిపోతాదేటి దీనికి?” అని అడిగింది. తెలియదని షమీమ్ చెప్పారు. “అయితే కట్టీండి” అని చెయ్యి చాపింది.

ఆ మధ్యాహ్నం షమీమ్ మా ఇంట్లో భోంచేశారు. అప్ప దాచి ఉంచిన పనస గింజలతో కూర చేసింది. తింటూ ఆమె తన తండ్రి గురించి చెప్పారు. ఆయన విజయనగరంలో గోనెసంచుల మిల్లులో పనిచేసేవారు. అలిసిపోయానంటే మేస్త్రీ నమ్మేవాడు కాదట. ఒంట్లో బాగాలేదనడానికి సాక్ష్యం ఏదని అడిగేవాడట. “ఆ సాక్ష్యం తయారుచెయ్యాలనే ఈ చదువు చదివాను” అన్నారు. అప్ప ఆమె కంచంలో ఇంకొంచెం కూర వేసింది.

పట్టీ మంచే చేసింది. ఈ మాట నేను రాయాలి. నిండు చూలాలు ఒకామె, అంతకుముందైతే నొప్పులొచ్చేదాకా కాలు ఆపనిది, ఆ శీతాకాలంలో మిషను ఆగిన ప్రతిసారీ గోడకు ఆనుకుని కూర్చుంది. నడుము పట్టేసిన ముసలివాళ్లకు ఎవర్నీ బతిమాలే పని లేకపోయింది. షెడ్డులో దగ్గులు తగ్గలేదు గానీ కసురుకోవడం తగ్గింది. మిషను ఆపింది మనిషి కాదు కనుక ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు.

అప్ప పట్టీ మాత్రం ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. లోకనాథం పడుచుపిల్లలకు ఆమెను చూపించి, దాలమ్మప్పను చూసి నేర్చుకోండి అనేవాడట. అప్పకు మొదట్లో అది గర్వంగానే ఉండేది. మాఘమాసం వచ్చాక, ఇంటికి రాగానే అరుగు మీద వాలిపోయి, చేతుల ఆముదమైనా కడుక్కోకుండా పడుకోవడం నేను చూశాను. ఒంట్లో ఎలా ఉందని అడిగితే, “పట్టీ పచ్చగానే ఉన్నాదే అమ్మీ. అలుపు అయ్యుండదు. నాకే బద్దకం వొచ్చినాది” అంది. తన శరీరం తనకు చెబుతున్న సంగతి ఆమె నమ్మడం మానేసిందని నాకు అప్పుడు తోచలేదు.

చైత్రం వెళ్లాక ఎండలు ముదిరాయి. ఆమె మిషను ఆవిరి బాయిలర్‌కు దగ్గరగా ఉండేది.

కర్మలో పదో రోజున హైమ మా ఇంటికొచ్చింది. చుట్టాలు వెళ్లిపోయేదాకా వంటింటి గుమ్మం దగ్గరే కూర్చుని, ఆ తరువాత నా దగ్గరికి వచ్చింది. ఆమె చెప్పింది అర్థం కావాలంటే షెడ్డులో ఉన్న ఒక అలవాటు తెలియాలి. దాన్ని వాళ్లు బదులు అంటారు. వరుసలో ఎవరికైనా జ్వరమొచ్చినా, నెలసరి నొప్పి ఎక్కువగా ఉన్నా, పసిబిడ్డ తల్లి అయినా, పక్కవాళ్లు తలా ఒక గుప్పెడు పప్పు ఆమె గంపలో వేస్తారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. తరువాత ఇంకొకరి వంతు వచ్చినప్పుడు ఆమె కూడా వేస్తుంది. మా అమ్మ ఆ షెడ్డుకు వెళ్లిన కాలంలోనూ ఈ అలవాటు ఉండేది. 

పట్టీలు కట్టిన మొదటి వారంలో అప్పకు జ్వరం. పట్టీ తనను గమనిస్తున్నప్పుడు ఒళ్లు వేడిగా ఉంటే, పనికి పనికిరాదని తేల్చి ఇంటికి పంపేస్తుందని ఆమె భయపడింది. ఎక్కడో వేరే షెడ్డులో అలా పంపేశారని అందరూ అనుకునేవారు. హైమ ఏమీ ఆలోచించలేదు. అప్ప పట్టీని విప్పి తన రెండో చేతికి కట్టుకుంది. వారమంతా రెండు పట్టీలతో పనిచేసింది. వారం దాటాక అప్పది అప్పకు ఇచ్చేసింది.

“అలవాటు కొద్దీ కట్టుకున్నాను టీచరమ్మా. గుప్పెడు పప్పు ఏసినట్టే అనుకున్నాను” అంది. వెంటనే తనే అడిగింది. “నానే సంపేసినానా?”

కాదన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. మళ్లీ కాదన్నాను. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. ఆమె గ్లాసు అందుకుని, తాగకుండా గుమ్మం మీద పెట్టింది.

జ్యేష్ఠం మొదట్లో షమీమ్ పిలిస్తే విశాఖపట్నం వెళ్లాను. ప్రయోగశాలలో ఒక గాజు గది ఉంది. దాని లోపల ఎండాకాలపు వేడిని పుట్టిస్తారు. నేను వెళ్లేసరికి ఒక కాలేజీ విద్యార్థిని లోపల కదిలే పట్టా మీద నడుస్తోంది. ఆమె చేతికి పట్టీ ఉంది. పసుపు రంగు రాగానే షమీమ్ తలుపు తెరిచి ఆమెను బయటికి పిలిచారు. ఇంకా నడవగలను మేడమ్ అందా అమ్మాయి. అక్కర్లేదమ్మా, కూర్చో అని చెప్పి, నన్ను తెరముందుకు తీసుకెళ్లారు. ఆమె చిక్కిపోయి ఉన్నారు.

తెరమీద రెండు గీతలున్నాయి. ఒకటి అప్ప పట్టీ మొదటి వారంలో నేర్చుకున్నది. రెండోది ఆఖరి రోజు ఆమె శరీరం నుంచి వచ్చింది. మొదటి గీత నిదానంగా, నున్నగా పైకి వెళ్లింది. రెండోది మధ్యాహ్నానికే ఎగుడుదిగుడుగా లేచిపోయింది. అయినా పట్టీకి తెలిసిన హద్దుకు అది చాలాసేపు కిందనే ఉంది.

“ఈ మొదటి గీత మీ అక్కగారిది కాదు దమయంతిగారూ. బాగా చిన్నవయసు మనిషిది” అన్నారామె.

తెలుసన్నాను. ఎవరిదని ఆమె అడగలేదు. పట్టీకి మనిషి పేరు తెలియకుండా చేసింది తానేనని చెప్పారు. కట్టుకున్నది ఎవరో యజమానికి తెలిస్తే దాన్ని వాళ్లమీదే వాడతారని భయపడి, పేరు లేకుండా శరీరాన్ని మాత్రమే గుర్తుపట్టే ఏర్పాటు చేశారు. శరీరం మారితే పసిగట్టే ఏర్పాటు మాత్రం చెయ్యలేదు. ఒకరి పట్టీ ఇంకొకరు కట్టుకుంటారని ఆమె ఊహకు రాలేదు. ఎందుకు కట్టుకుంటారని ఆమె అడిగితే బదులు గురించి చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

పట్టీ వాడుతున్న దేశాలన్నిటి తరఫునా ఒక సంఘం ఉంది. అప్ప మరణం మీద అది విచారణ జరుపుతోంది. వాళ్లు ముందుగా రాసుకున్న తీర్పును షమీమ్ నాకు చదివి వినిపించారు. పట్టీలో లోపం లేదు, కార్మికురాలు దాన్ని దుర్వినియోగం చేసినందువల్ల ప్రమాదం జరిగింది అని అందులో ఉంది. ఇకముందు అలా జరగకుండా కొత్త పట్టీని తయారుచెయ్యమని ఆమెకే అప్పగించారు. అది బల్లమీదే ఉంది. చూడ్డానికి పాతదానిలాగే ఉంది. నేను చేతికి పెట్టుకున్నాను. చిన్న చప్పుడుతో బిగుసుకుంది.

తీసెయ్యబోతే రాలేదు. సూపర్‌వైజర్ దగ్గరుండే తాళంతోనే అది ఊడుతుందట. కట్టుకున్న మనిషి ఎవరో చర్మం కింది నరాల అల్లికనుబట్టి గుర్తుపడుతుందట. షమీమ్ తాళంచెవి కోసం ఒక సొరుగు, తరువాత ఇంకో సొరుగు వెతికారు. అంతసేపూ నేను ఆ చెయ్యి బల్లమీద పెట్టి కూర్చున్నాను. విప్పాక నేను చెయ్యి రుద్దుకోలేదు గాని, ఆమె నా చేతివైపే చూస్తూ ఉండిపోయారు.

“నేను ఇది చెయ్యనంటే పట్టీలే తీసేద్దామనేవాళ్లున్నారు. తీసేస్తే మళ్లీ ఎవరూ ఎక్కడా ఆగరు. చేస్తే ఇదిగో, ఇలా ఉంటుంది” అన్నారు.

ఆ పట్టీని బల్లమీదే వదిలి లేచాను. ఊరికి తిరిగొచ్చాను. బడులు తెరిచారు. ఎనిమిదో తరగతికి పాఠం చెబుతూ ఉంటే మధ్యలో మాట మరిచిపోయి నిలబడిపోయేదాన్ని. పిల్లలు నవ్వేవారు కాదు. ఇంట్లో ఆముదం సీసా అరుగు మీదే ఉంది. దాన్ని లోపల పెట్టడానికి రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్లీ అక్కడే పెట్టాను.

తొలకరి వానలు పడ్డాక విచారణకు సంఘం మా ఊరొచ్చింది. అధ్యక్షుడు పెద్దవయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు, ఢిల్లీ నుంచి వచ్చాడు. షెడ్డు పక్కన గోదాములో కుర్చీలు వేశారు. గోడమీది తెరలో వేరే దేశాలవాళ్లు కనబడుతున్నారు. ఎవరే భాషలో మాట్లాడినా తెర కింద తెలుగులో అక్షరాలు వచ్చేవి. అప్ప వరుసలోని ఆడవాళ్లు గోడ వెంబడి కింద కూర్చున్నారు. కుర్చీలున్నాయి, కూర్చోండని షమీమ్ అన్నా వాళ్లు లేవలేదు. హైమ ఆ చివర ఉంది.

గీతలు చూపించారు. మొదటి వారంలో పట్టీ కట్టుకున్నది వేరే మనిషి అని అందరికీ తెలిసిపోయింది. అధ్యక్షుడు నన్ను పిలిచి, ఆ మనిషి ఎవరో నాకు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. చెప్పమన్నాడు. బదులు గురించి చెప్పాను, పేరు చెప్పనన్నాను.

ఆయన కోపగించుకోలేదు. నాకు జాలిగా వివరించాడు. పట్టీ మార్చిన మనిషి పేరు తెలిస్తే తప్పు ఆమె పేరు మీద రాస్తారు. తెలియకపోతే పట్టీ ఎవరిదో ఆ మనిషిదే బాధ్యత. అంటే మా అప్పదే. ఈ తీర్పును పట్టీ ఉన్న ప్రతి దేశంలోనూ పనిచేసేవాళ్లకు చదివి వినిపిస్తారు. “మీ అక్కగారి పేరు అలా వినబడడం మీకు ఇష్టమా?” అని అడిగాడు.

ఇష్టం లేదు. మా అప్ప ఎన్నడూ ఎవరి గంపలోంచీ ఒక పప్పు బద్ద కూడా తీసుకోలేదు. గోడ దగ్గర హైమ లేవబోయింది. పక్కనున్నామె ఆమె మోకాలిమీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. నేను అటు చూడకుండా ఉండడానికి తెరవైపు చూశాను.

అప్పుడు టాంజానియా నుంచి ఒకామె మాట్లాడింది. ఆమె ఒకప్పుడు జీడి షెడ్డులోనే పనిచేసి, ఇప్పుడు అక్కడి ఆడకూలీల తరఫున సంఘంలో ఉందట. అక్షరాలు మెల్లగా వచ్చాయి. తమ దగ్గర కూడా ఒకరి గంపలో ఒకరు వేస్తారనీ, దానికి తమ భాషలో వేరే పేరుందనీ, పట్టీలు కూడా తప్పకుండా మార్చుకునే ఉంటారనీ, ఇక్కడ తెలిసింది గనుక తెలిసిందనీ చెప్పింది. ఆ తరువాత ఒక ప్రశ్న అడిగింది. పడిపోకముందు దాలమ్మ ఏమంది?

ఎవరూ దాన్ని అంతకుముందు అడగలేదు. నేనూ అడగలేదు. 

అధ్యక్షుడు లోకనాథం వైపు తిరిగాడు. లోకనాథం తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్ల పైగా ఆ షెడ్డులోనే పనిచేస్తున్నాడు. చెప్పకపోతే అతన్ని పట్టుకునేవాళ్లు లేరు. ఏం చెప్పినా అతని ఉద్యోగానికి మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు.

“సెప్పినాది బాబూ” అన్నాడు. “కళ్లు తిరుగుతున్నాయి లోకనాథం, కాసేపు తొంగుంటాను అన్నాది. నాను పట్టీ సూసినాను. పచ్చగా ఉన్నాది. ఇంకొక్క గంప ఏసేసి తొంగోప్పా అన్నాను.” అతను చొక్కా చేతిని ముఖానికి అద్దుకున్నాడు. “పట్టీ సూసినాను బాబూ. మొకం సూళ్లేదు.”

అధ్యక్షుడు కలం కింద పెట్టాడు. బయట వాన మొదలైంది. ఆరబెట్టిన పెంకుల మీద పడి చప్పుడవుతోంది. 

నేను ఇంకొక మాట చెప్పడానికి అనుమతి అడిగాను. మా అప్ప పట్టీ రాకముందు కూడా అదే మిషను దగ్గర ఎండాకాలాలు గడిపింది. ఒంట్లో బాగాలేనప్పుడు పడుకుంటానని చెప్పి పడుకునేది. ఆ రోజు కూలి కొంత పోయేది గాని పడుకోనిచ్చేవారు. పట్టీ వచ్చాక ఆ మాటకు విలువ లేకుండా పోయింది. దాన్ని తిరిగి ఇమ్మన్నాను. ఎర్ర రంగు వస్తే ఎలా ఆపుతారో, పనిచేసేవాళ్లు నా వల్ల కావట్లేదని చెబితే కూడా అలాగే ఆపాలి, ఆ సమయాన్ని కూడా పని కిందే లెక్కగట్టాలి అన్నాను. అప్పుడు పట్టీకి తాళం అక్కర్లేదు. మార్చుకోవలసిన అవసరమే ఉండదు.

“అందరూ ఆ మాటే చెప్పి కూర్చుంటే?” అన్నాడు అధ్యక్షుడు. ఆయన ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు.

“మా తరగతిలో పిల్లలు మంచినీళ్లకు వెళ్తామంటే పంపుతాను” అన్నాను. “దాహం లేనివాళ్లు కూడా అడుగుతారు. వెళ్లి కాసేపు ఎండలో నిలబడి వచ్చేస్తారు. వాళ్లలో అబద్ధం ఎవరిదో తేల్చడానికి అందరి గొంతులూ తడిమి చూడలేను కదండీ.”

ఆడవాళ్లలో ఒకరు నవ్వారు. హైమ నవ్వలేదు. తెరమీద టాంజానియా ఆమె, అక్షరాలు తన భాషలోకి వచ్చాక కాబోలు, తల ఊపింది. షమీమ్ లేచి నిలబడి, ఇందుకు కొత్త యంత్రమేమీ అక్కర్లేదని, ఉన్న మిషనుకే చెయ్యగలనని, కావలసింది ఒక నియమం మాత్రమేనని చెప్పారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు తగ్గింది. ఇన్నేళ్ల తన పరిశోధన ఆ వాక్యంలో ఎంత చిన్నదైపోయిందో ఆమెకు తెలుసు. అయినా చెప్పారు.

తీర్పు శ్రావణంలో వచ్చింది. దుర్వినియోగం అన్న మాట తీసేశారు. ఎవరి పేరూ రాయలేదు. పట్టీ తప్పు శరీరాన్ని నేర్చుకున్నందువల్ల, కార్మికురాలి మాటను వినకపోయినందువల్ల మరణం జరిగిందని రాశారు. తాళం పట్టీని పక్కన పెట్టారు. ప్రతి రుతువు మొదట్లో పట్టీలకు మళ్లీ నేర్పాలన్నారు. బాయిలర్ దగ్గరి మిషన్లను దూరంగా జరిపారు. లోకనాథాన్ని షెడ్డు నుంచి తీసేసి గోదాములో లెక్కలకు వేశారు. అతను నాకు ఎదురైతే ఇప్పటికీ రోడ్డు అవతలికి వెళ్లిపోతాడు. ఒకరోజు నేనే అటు దాటి, వాళ్ల అమ్మ ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు.

హైమ కొన్నాళ్లు పనిలోకి రాలేదు. అత్తే బతిమాలి పంపిందని విన్నాను. ఇప్పుడు వస్తోంది. వరుసలో బదులు ఆగలేదు. మొన్న జ్వరమొచ్చిన ఒకామె గంపలో మొదటి గుప్పెడు వేసింది హైమేనట. ఆ సంగతి షెడ్డులో పనిచేసే నా పాత విద్యార్థిని ఒకతె చెప్పింది. వేసేముందు హైమ కాసేపు ఆ పప్పు చేతిలో పట్టుకుని కూర్చుందట.

నేను అడిగిన నియమాన్ని తరువాతి సమావేశంలో చూస్తామన్నారు. ఈలోగా టాంజానియాలో ఒక షెడ్డులో కొద్దికాలం పరీక్షగా అమలు చేశారు. పట్టీ ఆపినన్నిసార్లు కూడా ఆడవాళ్లు నోటితో అడగలేదని షమీమ్ ఫోనులో చెప్పారు. చాలామంది అడగడానికి మొహమాటపడ్డారట. పరీక్ష గడువు ముగిశాక ఆ షెడ్డు కూడా పాత పద్ధతికే వెళ్లిపోయింది. సమావేశం ఒకసారి వాయిదా పడింది, మళ్లీ పడింది. షమీమ్ అడుగుతూనే ఉన్నారు, నేను రాస్తూనే ఉన్నాను.

పనిచేసే మనిషి తన వల్ల కావట్లేదని చెబితే ఆ మాట చాలుననే నియమం మా షెడ్డులో గాని, పట్టీ ఉన్న మరే దేశంలో గాని ఇంకా రాలేదు.